పొదుపు సంఘమా, చీటీనా, సొసైటీనా, మాట్లాడుకునే కూటమా? తిరుపతి, చిత్తూరు ఆడవాళ్లు ఎంచుకునే ముందు

పదిమంది ఆడవాళ్లు కలిసి సంఘం పెట్టుకుందామనుకోగానే ముందు పేరు వెతుకుతారు, ఆ వెంటనే లీడరెవరని చూస్తారు. ఆ రెండూ ఆఖరున తేలినా నష్టం లేదు. మొదట తేల్చుకోవాల్సింది సంఘంలో డబ్బు తిరగాలా వద్దా అన్నది. డబ్బు తిరిగే సంఘానికి పుస్తకాలు, బ్యాంకు, కంతులు, ఒకరి అప్పుకు ఇంకొకరి పూచీ ఉంటాయి. డబ్బు లేని సంఘానికి ఉండేది నమ్మకం ఒక్కటే. ఈ రెంటినీ ఒకే సమావేశంలో కలిపేసిన చోట రెండూ చెడతాయి. "ఆయన తాగొచ్చి కొడుతున్నాడు, ఇంట్లో జీతం ఇవ్వడం లేదు" అని ఒకామె చెప్పుకుంటే, పక్కనున్న వాళ్లందరికీ ముందు వచ్చే ఆలోచన ఈమె వచ్చే నెల కంతు కడుతుందా అనే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే చెప్పదు.

మన వైపు ఆడవాళ్ల ముందున్న దారులు ఇవి: డ్వాక్రా అని అందరం పిలిచే పొదుపు సంఘం, ఇరుగుపొరుగు చీటీ, ప్రైవేటు ఫైనాన్సు వాళ్లు కట్టించే వారం గ్రూపు, రిజిస్టరు చేసిన సొసైటీ, సహకార సంఘం, డబ్బు ఊసే లేని కూటం. ఏది మేలన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది, ఒక్క వారం గ్రూపు విషయంలో తప్ప. దాన్ని సంఘాల లెక్కలో వేయడమే తప్పు.

పొదుపు సంఘం

డబ్బు కావాలి, తాకట్టుకు కాగితాలు లేవు అంటే వేరే ఆలోచన అక్కర్లేదు, ఇదే దారి. డ్వాక్రా పథకం 1982లో వచ్చింది. అయితే ఊరూరా సంఘాలు పుట్టింది 1990ల మొదట్లో, నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం నడిచాక, రోజుకో రూపాయి పొదుపుతో. అప్పటి నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి, సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. ఈ జిల్లాకు పొదుపు కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

ముందు మీరు ఎవరి కిందికి వస్తారో చూసుకోండి. తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల్లో, మునిసిపాలిటీల్లో ఉన్నవాళ్లకు మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ. పంచాయతీల్లో ఉన్నవాళ్లకు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, అంటే జనం నోట్లో వెలుగు ఆఫీసు. తిరుపతి అంచున ఇదే చిక్కు. వీధి చూస్తే నగరంలాగే ఉంటుంది, ఇంటి పన్ను మాత్రం పంచాయతీకి కడుతుంటారు. సగం మంది అటు, సగం మంది ఇటు అని ఖాతా తెరిచాక బయటపడితే పని మళ్లీ మొదటికొస్తుంది. ఇంటి పన్ను రసీదులు ముందే పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోయే విషయం ఇది. ఆ తర్వాత సంఘాల పనులు చూసేవాళ్లను, అంటే పట్టణంలో ఆర్పీని (రిసోర్స్ పర్సన్), ఊళ్లో యానిమేటర్ని కలవాలి. ఒకామె ఒక్క సంఘంలోనే ఉండాలి. పాత సంఘంలో పేరు తీయించుకోకుండా కొత్తదాంట్లో చేరితే ఆధార్ దగ్గర దొరికిపోతుంది, ఆమె ఒక్కదాని వల్ల అందరి అప్పూ ఆగుతుంది.

పది నుంచి పదిహేను మంది ఉండొచ్చు. పన్నెండు అనుకూలమైన సంఖ్య, ఇద్దరు మానుకున్నా పదిమంది మిగులుతారు. ఒకే ఇంటి నుంచి ఇద్దర్ని చేర్చుకోవద్దు. అత్తాకోడళ్లు ఒకే సంఘంలో ఉంటే కోడలు నోరు తెరవదు, ఆమె పేరున వచ్చిన అప్పు కూడా అత్త చేతికే పోతుంది.

నెల పొదుపు ఎంతన్నది అందరికన్నా తక్కువ సంపాదించే ఆమెను అడిగి పెట్టాలి. 200 అనుకుందాం. పన్నెండు మందికి నెలకు 2,400, ఆర్నెల్లకు 14,400, ఏడాదికి 28,800. ఈ డబ్బును బ్యాంకులో పడుకోబెట్టకుండా సంఘంలోనే రూపాయి వడ్డీకి తిప్పాలి. పంచసూత్రాలు అనేవి ఇవే: క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, లోపల అప్పులు, గడువుకు వాపసు, సరైన పుస్తకాలు. వీటిని ఆర్నెల్లు పాటించిన సంఘం లింకేజీ లోనుకు, అంటే సంఘం పేరున బ్యాంకు ఇచ్చే అప్పుకు అడగొచ్చు. మొదటి విడత సంఘం నిధికి ఆరు రెట్లు, లేదా లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. మన లెక్కలో ఆర్నెల్లకు ఆరు రెట్లు వేస్తే 86,400 కాబట్టి లక్షన్నర వర్తిస్తుంది. ఏడాది ఆగితే 1,72,800. రెండో విడత ఎనిమిది రెట్లు, లేదా 3 లక్షలు.

బ్యాంకు కౌంటరు దగ్గర మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఖాతా తెరవడానికి సంఘం బాధ్యుల కేవైసీ (గుర్తింపు కాగితాలు) చాలు, అందరివీ అక్కర్లేదు. 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. లోను ఇచ్చామని పొదుపు ఖాతాను బిగబట్టడం గానీ, డిపాజిట్ వేయమని పట్టుబట్టడం గానీ కుదరదు. ఇవి రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలు. గొడవ పడకుండా, ఇదే మాట కాగితం మీద రాసి మేనేజరుకిచ్చి రసీదు అడిగితే పని త్వరగా అవుతుంది.

ఇక చెడేది ఎక్కడ? ఒక పుస్తకం పేజీ తెరిచి చూస్తే తెలుస్తుంది. ఒకామె 5,000 తీసుకుంది, పది కంతులు, రూపాయి వడ్డీ. మొదటి నెల ఆమె కట్టాల్సింది అసలు 500, వడ్డీ 50, పొదుపు 200, మొత్తం 750. రెండో నెలకు అసలు 4,500కు దిగింది కాబట్టి వడ్డీ 45, మొత్తం 745. చాలా పుస్తకాల్లో పది నెలలూ 50 అనే రాసి ఉంటుంది. దిగే అసలు మీద లెక్కేస్తే మొత్తం వడ్డీ 275 రావాలి, ఇలా రాస్తే 500 అవుతుంది. రాసేవాళ్లకు దురుద్దేశం ఉండదు, పై గడి చూసి కింద గడి నింపుతారంతే. కానీ కట్టినామె ఏదో ఒకరోజు కూతురి చేత లెక్క వేయిస్తుంది, ఆ రోజు నుంచి లీడరు దొంగ అయిపోతుంది.

రెండో జబ్బు లోను రాగానే తలా ఇంత అని పంచేసుకోవడం. లక్షన్నరను పన్నెండు మందికి పంచితే 12,500. ఆవు కొనుక్కుందామనుకున్న ఆమెకు అది ఏ మూలకూ రాదు, అవసరం లేని ఆమె చేతిలోంచి ఇంట్లో మగవాళ్ల చేతికి జారిపోతుంది. కంతు మాత్రం అందరికీ ఒకటే. ఎవరికి ఎంత, ఏ పనికి, ఎన్ని కంతులు అన్నది తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాకే డబ్బు దింపుకోవాలి.

మూడోది, అందరి పాస్ పుస్తకాలూ లీడరు ఇంటి బీరువాలో ఉండటం. ఎవరి పుస్తకం వారింట్లో ఉండాలి. బ్యాంకు పాస్ పుస్తకానికి నెలనెలా ఎంట్రీ వేయించి సమావేశంలో పైకి చదవాలి, చదువు రాని ఆమెకు కూడా వినబడుతుంది. లీడర్లను రెండేళ్లకోసారి మార్చడం గురించి మొదటి తీర్మానంలోనే రాసుకోకపోతే తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేరు. ఎత్తితే అది లీడరు మీద నిందలాగే వినబడుతుంది.

చీటీ

పొదుపు సంఘం నెమ్మది, చీటీ వేగం. పెళ్లికో, కాలేజీ ఫీజుకో లక్ష ఒకేసారి కావాలంటే చీటీయే గుర్తొస్తుంది. ఇరవై మంది, నెలకు 5,000, ఇరవై నెలలు. పాటలో ఒకామె 25,000 వదులుకుని 75,000 ఎత్తిందనుకోండి. నడిపేవాళ్ల కమిషను 5 శాతం లెక్కన 5,000 పోతే మిగిలిన 20,000 ఇరవై మందికి పంచితే తలా 1,000. ఆ నెల అందరూ కట్టేది 4,000. ఆఖరి దాకా ఆగే ఆమెకు ఇది లాభం, ముందే ఎత్తే ఆమెకు ఇది ఖరీదైన అప్పు.

ప్రమాదమంతా ముందు ఎత్తినవాళ్లు తర్వాత కట్టకపోవడంలో ఉంది. ఇంటి చీటీలో రుజువు ఒక నోటుపుస్తకమే. 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద నడిచే చీటీకి ముందస్తు అనుమతి ఉండాలి, కమిషను 7 శాతం దాటకూడదు, కట్టనివాళ్ల మీద చిట్స్ రిజిస్ట్రారు దగ్గరికి పోవచ్చు. ఇంటి చీటీకి ఇవేవీ లేవు. వేయాలనుకుంటే, ఎత్తుకున్నా ఎగ్గొట్టలేనంత దగ్గరి పదిమందితో, పోయినా ఇల్లు కదలనంత చిన్న మొత్తంతో వేయండి. పొదుపు సంఘం ఖాతాలోంచి చీటీ కట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. చీటీ మునిగితే సంఘమూ దాంతోనే పోతుంది.

వారం గ్రూపు గురించి రెండు మాటలు చాలు. ఇంటి కాగితాలు అడగరు, త్వరగా ఇస్తారు, నిజమే. కానీ అక్కడ మీటింగంటే వసూలు. రాని ఆమె వాటా మిగతావాళ్లు వేసుకునేదాకా ఎవర్నీ లేవనివ్వరు. 2010లో ఈ వసూళ్ల ఒత్తిడి ముదిరే ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు తీసుకున్న కుటుంబం అన్ని అప్పుల మీదా కట్టే కంతులు నెల ఆదాయంలో సగం దాటకూడదు, ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇప్పటికే తీసుకుని ఉంటే ఈ రెండు వాక్యాలు గుర్తుంచుకోండి.

సొసైటీ, సహకార సంఘం

బయటి నుంచి విరాళాలు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తెచ్చి పని చేయాలనుకునేవాళ్లకు సొసైటీ. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురుండాలి. నియమావళి, ఏటా సర్వసభ్య సమావేశం, అది జరిగిన పదిహేను రోజుల్లోగా కార్యవర్గం జాబితా దాఖలు, ఆడిట్. మిగులును సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, ఈ ఒక్క సంగతి తెలియక రిజిస్టరు చేసుకుని తర్వాత తగువులాడుకునేవాళ్లే ఎక్కువ. ఆఫీసు పనికి ఒక మనిషిని జీతానికి పెట్టుకోలేని దశలో సొసైటీ జోలికి పోకపోవడం మేలు. మూడేళ్ల లెక్కలు దాఖలు చేయకుండా వదిలేసిన సొసైటీ కన్నా రిజిస్టరు కాని సంఘానికే గౌరవం ఎక్కువ.

సరుకు అమ్మి లాభం పంచుకోవాలంటే 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి, వాటా ధనం వాళ్లదే, ప్రభుత్వ వాటా ఉండదు. పలమనేరు వైపు పాలు, బంగారుపాళెం వైపు మామిడి తాండ్ర, శ్రీకాళహస్తిలో కలంకారీ లాంటి పనులకు ఇది నప్పుతుంది. పచ్చళ్లు, తాండ్ర అమ్మేవాళ్లు ఆహార భద్రత రిజిస్ట్రేషను విడిగా చేసుకోవాలి. సంఘం రిజిస్ట్రేషనుతో అది వచ్చేయదు. ఏడాది పాటు పొదుపు సంఘంగా పుస్తకాలు సరిగ్గా నడిపిన వాళ్లే ఇందులో నిలబడతారు, ఎందుకంటే ఇక్కడ అప్పు లెక్కతో పాటు సరుకు లెక్క కూడా వచ్చి చేరుతుంది.

డబ్బు ఊసు లేని కూటం

దీన్ని తేలికైన పని అనుకుంటారు. నిజానికి అన్నిట్లోకీ ఇదే కష్టం, రమ్మనడానికి లోను అనే ఎర లేదు కాబట్టి.

ఎనిమిది నుంచి పన్నెండు మంది, పదిహేను రోజులకోసారి, గంటన్నర. ఇంతకన్నా ఎక్కువ మంది ఉంటే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు. చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. లీడరు ఇంట్లో పెడితే అది లీడరు సంఘం అయిపోతుంది, వాడ నుంచి వచ్చిన ఆమె గడప దగ్గరే కూర్చుంటుంది. గుడి మండపం చల్లగా ఉంటుంది గానీ నెలసరి రోజుల్లో కొందరు రారు, ముస్లిం, క్రైస్తవ ఆడవాళ్లు మొదలే రారు. పిల్లలు వెళ్లిపోయాక అంగన్‌వాడీ కేంద్రం అన్నిటికన్నా మంచిది. ఆడవాళ్లు అక్కడికి వెళ్తుంటే ఎవరూ ఎందుకని అడగరు. బడి వరండా ఆ తర్వాత. ఊళ్లో అయితే ఒకసారి ఊరివైపు, ఒకసారి వాడవైపు పెట్టండి. వాడకు రావడానికి ఎవరెవరికి పని తగులుతుందో రెండో సమావేశానికే తెలిసిపోతుంది. అది దాచిపెట్టి నడిపే కన్నా మొదట్లోనే మాట్లాడుకోవడం నయం.

వేళ పని బట్టి పెట్టుకోవాలి. పాడి ఉన్న ఊళ్లలో పొద్దున, సాయంత్రం పాలు పోసే వేళలు తప్పించి, రాత్రి ఏడున్నరకో, మధ్యాహ్నం రెండింటికో. తిరుపతిలో లాడ్జీల్లో గదులు శుభ్రం చేసేవాళ్లకు, పూలు కట్టేవాళ్లకు శని, ఆదివారాలు ఊపిరాడదు. మంగళ, బుధవారాలు నయం. కుప్పం, నగరి వైపు తమిళమే ఇంటి భాషైన ఆడవాళ్లుంటారు, వాళ్లు తెలుగులో వింటారు గానీ కష్టం చెప్పుకునేది తమిళంలోనే. ఆ భాష తెలిసిన ఒకామె నడిపేవాళ్లలో ఉండాలి.

నడిపేందుకు ఇద్దరుండాలి. ఒకామె మాట నడిపిస్తుంటే ఇంకొకామె ఎవరు మాట్లాడలేదో, ఎవరు లేచి బయటికి పోయారో చూసుకుంటుంది. మొదటి పావుగంట కబుర్లు, గంట సేపు ఆ రోజు విషయం, ఆఖరి పావుగంట వచ్చేసారి ఎవరు ఏ పని చేసుకొస్తారన్నది. విషయం ఊరికే కష్టాలు కాకుండా చేతికందేదిగా ఉంటే మళ్లీ వస్తారు. భూమి పాసుపుస్తకంలో పేరు ఎక్కించుకోవడం, రక్తహీనత పరీక్ష, ఏటీఎం పిన్ తనే కొట్టడం, పని చోట వేధిస్తే జిల్లా ఫిర్యాదుల కమిటీకి రాయడం లాంటివి. కూటంలో విన్నది బయట అనకూడదన్న నియమాన్ని మొదటి రోజు చెప్పి వదిలేయకుండా ప్రతిసారీ మొదట్లో ఒక వాక్యంగా చెప్పాలి. ఎవరు నోరు జారారో తెలిస్తే అందరి ముందూ నిలదీయకుండా విడిగా మాట్లాడండి.

ఇంట్లో దెబ్బలు తింటున్న ఆమె నోరు విప్పిన రోజు ఎక్కువ కూటాలు ఒకే తప్పు చేస్తాయి: భర్తను పిలిచి పంచాయితీ పెడతాయి. ఆయన అక్కడ తలూపి ఇంటికెళ్లి రెండింతలు కొడతాడు, ఆమె మరి రాదు. పిలవకండి. విడిగా కూర్చుని నాలుగు విషయాలు అడగండి: గొంతు పట్టుకున్నాడా, చంపుతానన్నాడా, ఇంట్లో కత్తో కొడవలో తీశాడా, ఆమె గర్భిణీనా. గొంతు పట్టుకోవడం ఒక్కసారే జరిగినా దాన్ని చిన్నగా తీసుకోకూడదు, ప్రాణం మీదికి వచ్చే సూచనల్లో అది ముందుంటుంది. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. లేకపోతే మహిళా హెల్ప్‌లైను 181, అక్కడి నుంచి సఖి కేంద్రానికి, అంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి, దారి చూపిస్తారు. వకీలు ఖర్చు భయముంటే 15100. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఇది తెలిశాక చాలామందికి కాళ్లు నేల మీద ఆనతాయి. ఆధార్, రేషను కార్డు, పాస్ పుస్తకం, పిల్లల బడి కాగితాల నకళ్లు ఒక కవరులో పెట్టి ఇంటి బయట నమ్మకమైన చోట ఉంచుకోమనండి. పోవాలా, ఉండాలా అన్నది ఆమె తేల్చుకోవాలి, కూటం కాదు. తీర్మానాల పుస్తకంలో ఆమె పేరు గానీ, విషయం గానీ రాయకండి.

వాట్సాప్ గ్రూపు పెడితే పేరు 'ముగ్గులు' అనో, 'వంటలు' అనో ఉండాలి. చాలా ఇళ్లలో ఫోను మగవాళ్ల చేతిలో తిరుగుతుంది. సమావేశం వేళ, చోటు తప్ప అందులో ఏమీ రాయొద్దు. వాయిస్ మెసేజీ అసలే వద్దు, అది ఎవరి ముందు మోగుతుందో మనకు తెలియదు.

మరి ఏది?

మీలో ఎక్కువ మందికి రెండు రూపాయల, మూడు రూపాయల వడ్డీ అప్పులుంటే పొదుపు సంఘంతో మొదలుపెట్టండి, ఆ వడ్డీ తగ్గనిదే మిగతా మాటలు తలకెక్కవు. అప్పులు తట్టుకోగలిగి, ఇంటి నాలుగు గోడల మధ్య సమస్య పెద్దదైతే కూటం. ఇప్పటికే ఏడాదైనా సరిగ్గా నడిచిన సంఘముండి, అందరూ ఒకే సరుకు తయారు చేస్తుంటే సహకార సంఘం. సొసైటీ ఆ తర్వాతి సంగతి.

పొదుపూ మాటా రెండూ కావాలంటే రెండు వేర్వేరు రోజులు పెట్టండి. మొదటి, మూడో మంగళవారం పుస్తకాలు, రెండో, నాలుగో మంగళవారం కూటం అన్నట్టు. కూటాన్ని పొదుపు సంఘం లీడరు నడపకూడదు. కుదిరితే కూటంలోకి వేరే సంఘాల వాళ్లను కూడా రానివ్వండి, అప్పుడు కంతు భయం లేని చెవి ఒకటైనా ఉంటుంది. లోను కోసం అయినా, మాట కోసం అయినా జూన్, జూలైల్లో చిత్తూరు వైపు మొదలుపెట్టకండి, మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల పని ఉంటాయి. తిరుపతిలో గంగజాతర వారం, బ్రహ్మోత్సవాల రోజులు వదిలేయండి. మొదటి మూడు సమావేశాలు ఖాళీగా పోతే నాలుగోది ఉండదు.

మొదటి తీర్మానంలోనే రెండు విషయాలు రాసుకుని మొదలుపెట్టండి. ఎవరైనా మానుకుంటే ఆమె పొదుపు, దాని మీద వచ్చిన వడ్డీ వాటా, అప్పు పోను ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ఒకటి. ఎవరికైనా ఏమన్నా జరిగితే డబ్బు ఎవరికివ్వాలో రెండోది. నామినీ గడిలో భర్త పేరే ఉండాలన్న నియమం ఏదీ లేదు. కూతురి పేరో, తల్లి పేరో రాయించుకోవచ్చు, కానీ అది అందరి ముందూ అడగొద్దు, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగి రాయండి.